వేట బోటుకు డీప్ సైకిల్ బ్యాటరీ: లెక్క కట్టడం నుంచి బిగించడం దాకా

భోగాపురం నుంచి ఇచ్ఛాపురం దాకా తీరంలో ఫైబర్ బోట్ల మీద ఇప్పుడు జీపీఎస్, ఫిష్ ఫైండర్, వీహెచ్ఎఫ్ వైర్‌లెస్ సెట్టు, ఎల్ఈడీ లైట్లు మామూలైపోయాయి. వాటితో పాటే వచ్చే ప్రశ్న, ఏ బ్యాటరీ కొనాలి, ఎంతది కొనాలి అని. దుకాణంలో అడిగితే ఏహెచ్ (ఆంపియర్-గంటలు, అంటే ఎంత కరెంటు ఎన్ని గంటలు ఇస్తుందన్న లెక్క) అంకె ఒకటి చెప్పి ఊరుకుంటారు. మన తీరంలో చాలా ఊళ్లకు జెట్టీ లేదు. బోటు కెరటాల మీదుగా వచ్చి ఇసుకలోకి ఎక్కాల్సిందే, బ్యాటరీ భుజం మీద ఇంటికి రావాల్సిందే. అందుకని ఏహెచ్ కంటే ముందు మూడు విషయాలు తేల్చుకోవాలి: మోయగలమా, బోటు ఒరిగితే యాసిడ్ కారదా, మళ్లీ వేటకు వెళ్లేలోపు పూర్తిగా నిండుతుందా.

1. మీ బోటు ఏ కోవలోదో చూసుకోండి

తాడు లాగి స్టార్ట్ చేసే అవుట్‌బోర్డు ఇంజినైనా, హ్యాండిల్ తిప్పే డీజిల్ ఇంజినైనా స్టార్టింగుకు బ్యాటరీ అక్కర్లేదు. లైట్లకు, పరికరాలకు ఒక్క డీప్ సైకిల్ బ్యాటరీ చాలు.

సెల్ఫ్ స్టార్టర్ ఉన్న పెద్ద బోటుకు రెండు వేర్వేరు బ్యాటరీలు కావాలి. స్టార్టింగ్ బ్యాటరీలో ప్లేట్లు పల్చగా, ఎక్కువగా ఉంటాయి. రెండు మూడు సెకన్లు వందల ఆంపియర్లు ఇచ్చి, వెంటనే ఆల్టర్నేటర్‌తో నిండిపోవడానికి చేసినది అది. డీప్ సైకిల్ బ్యాటరీలో ప్లేట్లు దళసరిగా ఉంటాయి. గంటల తరబడి కొద్దికొద్దిగా ఇచ్చి, బాగా ఖాళీ అయి, మళ్లీ నిండే పనికి అవి తట్టుకుంటాయి. కారు బ్యాటరీతో రాత్రంతా లైట్లు వెలిగిస్తే కొన్ని నెలల్లోనే పల్చని ప్లేట్ల మీది పదార్థం రాలిపోతుంది. "కొత్త బ్యాటరీ ఏడాది కూడా రాలేదు" అన్న ఫిర్యాదుల్లో చాలావాటికి ఇదే మూలం.

రెండు బ్యాటరీలు ఉన్నప్పుడు వాటి మధ్య ఐసోలేటర్ స్విచ్ గానీ, వోల్టేజీ చూసి కలిపి విడదీసే రిలే గానీ పెట్టాలి. లేకపోతే లైట్లు రెండింటినీ ఖాళీ చేస్తాయి. నడిసముద్రంలో ఇంజిను లేవదు.

2. కరెంటు లెక్క కాగితం మీద కట్టండి

ప్రతి పరికరం వెనక వాట్లు గానీ ఆంపియర్లు గానీ రాసి ఉంటాయి. వాట్లను 12తో భాగిస్తే ఆంపియర్లు. దాన్ని వాడే గంటలతో గుణిస్తే ఏహెచ్. సాయంత్రం వెళ్లి పొద్దున్నే తిరిగొచ్చే ఫైబర్ బోటుకు ఒక నమూనా లెక్క ఇది:

- జీపీఎస్, ఫిష్ ఫైండర్ కలిసిన సెట్టు: 1 ఆంపియర్ × 10 గంటలు = 10
- వీహెచ్ఎఫ్ వింటూ ఉండటానికి: 0.4 × 12 గంటలు = 5
- వీహెచ్ఎఫ్‌లో మాట్లాడటానికి: 5 × 0.3 గంట = 1.5
- 20 వాట్ల ఎల్ఈడీ లైట్లు రెండు: 3.3 × 4 గంటలు = 13
- పైన వెలిగే నావిగేషన్ లైటు, 3 వాట్లు: 0.25 × 10 గంటలు = 2.5
- ఫోన్ల చార్జింగు: 1 × 4 గంటలు = 4
- నీళ్లు తోడే బిల్జ్ పంపు: 3 × అర గంట = 1.5

మొత్తం సుమారు 38 ఏహెచ్. వల తీయడం ఆలస్యమైతే, గాలి ఎదురైతే ఉండాలని 20 శాతం కలపండి. 45 ఏహెచ్ అనుకుందాం.

ఇప్పుడు బ్యాటరీ సైజు. లెడ్ యాసిడ్ బ్యాటరీని రోజూ సగానికి మించి ఖాళీ చేయకూడదు, కాబట్టి 45ని రెట్టింపు చేస్తే 90. బజారులో దొరికేది 100 ఏహెచ్. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీని 80 శాతం దాకా వాడుకోవచ్చు. 45ని 0.8తో భాగిస్తే 56, అంటే 60 ఏహెచ్ సరిపోతుంది. 60 ఏహెచ్ లిథియం, 100 ఏహెచ్ లెడ్ యాసిడ్ ఒకే పని చేస్తాయన్నది ఇక్కడే అర్థమవుతుంది. ధరలు పోల్చేటప్పుడు 100కు 100 పెట్టి పోల్చకండి.

రెండు రాత్రులు సముద్రంలోనే ఉండే బోటుకు, మధ్యలో చార్జింగ్ లేకపోతే, ఈ అంకెలన్నీ రెట్టింపు. లైట్లను తగ్గించే దారి ఉందేమో ముందు చూడండి. లెక్కలో అన్నిటికంటే ఎక్కువ తినేది అవే. పాత హాలోజన్ లైటు ఒక్కటి 55 వాట్లు లాగుతుంది.

3. ఏ రకం తీసుకోవాలి

జిల్లా కేంద్రాల్లో, పలాస, టెక్కలి వంటి చోట్ల దుకాణాల్లో చూపించేవి ఇంచుమించు ఇవే.

ఇన్వర్టర్ ట్యూబులర్ బ్యాటరీ ఇంట్లో కదలకుండా ఒక మూల ఉండటానికి చేసింది. ఆ పనిలో దాన్ని మించింది లేదు, దీర్ఘకాలం వస్తుంది కూడా. కానీ 150 ఏహెచ్ పొడవాటి బ్యాటరీ 50 కిలోలు దాటుతుంది, నిలువుగా ఉండటంతో త్వరగా ఒరుగుతుంది, మూతల్లోంచి యాసిడ్ చిమ్ముతుంది. ఇసుక మీదకు లాగే బోటుకు దీన్ని మేం సూచించం, ఎంత చౌకగా వచ్చినా సరే. రేవులో కట్టి ఉండే, లోతైన ఇంజిను గది ఉన్న పెద్ద బోటుకైతే పర్వాలేదు.

ఈ-రిక్షా బ్యాటరీ కూడా యాసిడ్ పోసేదే. కానీ కుదుపులను దృష్టిలో పెట్టుకుని చేసింది, ఎత్తు తక్కువ, రోజూ ఖాళీ అయి నిండే పనికి అలవాటైంది. యాసిడ్ రకమే కొనాలనుకుంటే ఇన్వర్టర్ బ్యాటరీ కంటే ఇది మేలు.

ఏజీఎం, దుకాణాల్లో ఎస్ఎంఎఫ్ అని కూడా అంటారు, సీలు వేసిన లెడ్ యాసిడ్. ఒరిగినా కారదు, నీళ్లు పోసే పని లేదు. 100 ఏహెచ్‌ది సుమారు 30 కిలోలు. ఇందులో ఒక మెలిక ఉంది. యూపీఎస్ కోసం చేసిన ఎస్ఎంఎఫ్ ఎప్పుడో ఒకసారి వాడటానికే తప్ప రోజూ సగం ఖాళీ చేయడానికి కాదు. డేటా షీటు అడిగి, 50 శాతం వాడకం వద్ద ఎన్ని సైకిళ్లు (ఖాళీ అయి మళ్లీ నిండే సార్లు) వస్తాయో చూసి, డీప్ సైకిల్ లేదా సోలార్ వాడకానికి అని రాసి ఉన్నదే తీసుకోండి.

జెల్ కూడా కారదు, లోతు వాడకాన్ని బాగా తట్టుకుంటుంది. కాకపోతే చార్జింగ్ వోల్టేజీ 14.4 దాటితే లోపల బుడగలు ఏర్పడి శాశ్వతంగా చెడుతుంది. మామూలు గ్యారేజీ చార్జరు పెడితే ఖాయంగా పోతుంది.

లిథియం ఐరన్ ఫాస్ఫేట్ 100 ఏహెచ్‌ది 11 నుంచి 13 కిలోలు, 60 ఏహెచ్‌ది 8 కిలోల లోపే. ఒక మనిషి ఒక చేత్తో పట్టుకెళ్తాడు. త్వరగా నిండుతుంది, సగం చార్జితో వదిలేసినా పాడవదు. ముందుగా పెట్టే డబ్బు ఎక్కువ. అయినా ఒడ్డుకు లాగే బోటుకు, రోజూ వేట ఉన్నవారికి మా ఓటు దీనికే. డబ్బు కుదరకపోతే ఏజీఎం. లిథియం అన్న పేరుతో ఫోన్, స్కూటర్ ప్యాకుల్లో వాడే వేరే రసాయనాల సెల్స్‌తో కట్టిన ప్యాకులు కూడా అమ్ముతారు. బిల్లు మీద "లిథియం ఐరన్ ఫాస్ఫేట్, 12.8 వోల్టులు" అని రాయించుకోండి. సెల్‌కు 3.2 వోల్టుల చొప్పున నాలుగు సెల్స్ వరుసగా కలిస్తే 12.8. ఆ అంకె లేకపోతే అనుమానించాలి.

4. దుకాణంలో చూడాల్సినవి

- ఏహెచ్ పక్కన సీ20 అని ఉందా, సీ10 అని ఉందా? సీ20 వద్ద 100 అంటే 5 ఆంపియర్ల చొప్పున 20 గంటలు. సీ10 వద్ద 100 అంటే 10 ఆంపియర్ల చొప్పున 10 గంటలు. అంకె ఒకటే అయినా సీ10ది గట్టి బ్యాటరీ. సీ100 అని ఉంటే ఆ అంకెను నమ్ముకుని లెక్క కట్టొద్దు.
- ఏహెచ్ రాయకుండా సీసీఏ (చలిలో ఇంజిను స్టార్ట్ చేయడానికి ఇచ్చే ఆంపియర్లు) మాత్రమే రాసి ఉంటే అది స్టార్టింగ్ బ్యాటరీ. "మెరైన్" అని స్టిక్కరు ఉన్నా సరే.
- తయారీ నెల చూడండి. లెడ్ యాసిడ్ అయితే ఆరు నెలలు దాటి అరల్లో ఉన్నది వద్దు.
- మల్టీమీటరు పెట్టి చూపించమనండి. చార్జరు తీసి కొన్ని గంటలైన 12 వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీ 12.6 పైన చూపాలి. 12.4 అంటే ముప్పావు వంతు. 12.2 దగ్గర ఉంటే సగమే, అలా ఎన్నాళ్లుందో తెలియదు.
- వారంటీలో పూర్తిగా మార్చి ఇచ్చే నెలలు ఎన్ని, ఆ తర్వాత తగ్గింపు ధరకు ఇచ్చే నెలలు ఎన్ని? బోటు మీద వాడితే చెల్లుతుందా? ఇన్వర్టర్ బ్యాటరీల వారంటీని ఈ ఒక్క కారణంతో కొట్టేయొచ్చు. జవాబు రాతలో తీసుకోండి.
- లిథియమైతే లోపలి బీఎంఎస్ (సెల్స్‌ను కాపాడుతూ అవసరమైతే కరెంటు కట్ చేసే సర్క్యూట్) ఎన్ని ఆంపియర్లు నిలకడగా ఇస్తుంది, ఎన్ని ఆంపియర్లతో చార్జి చేయొచ్చు, పెట్టెలోకి దుమ్ము, నీళ్లు పోవని చెప్పే ఐపీ65 వంటి రేటింగ్ ఉందా అని అడగండి.
- టెర్మినల్ మీ వైర్ల చివర ఉండే లగ్గులకు సరిపోయేదేనా? బోల్టు బిగించే స్టడ్ రకం బోటుకు మంచిది. క్లిప్పులు వద్దు.

కొన్న వారంలోపే కెపాసిటీ పరీక్ష చేయండి. ముఖ్యంగా ఊళ్లో కట్టించిన లిథియం ప్యాకుకు ఇది తప్పనిసరి. పూర్తిగా చార్జి చేసి, 12 వోల్టుల 60 వాట్ల హెడ్‌లైటు బల్బు తగిలించి గంటలు లెక్కపెట్టండి. బల్బు సుమారు 5 ఆంపియర్లు లాగుతుంది. 60 ఏహెచ్ లిథియం 12 గంటల దరిదాపుల్లో రావాలి. 8 గంటలకే బీఎంఎస్ కట్ చేస్తే వెనక్కి ఇచ్చేయండి. లెడ్ యాసిడ్‌కు ఈ పరీక్షను 10.5 వోల్టుల దగ్గర ఆపాలి, వెంటనే చార్జికి పెట్టాలి. అలా ఖాళీ చేయడం దానికి మంచిది కాదు కాబట్టి ఒక్కసారితో సరి. బల్బు బాగా వేడెక్కుతుంది, ఫైబరు మీదా వల మీదా పెట్టకండి.

5. చార్జరు కూడా బ్యాటరీతో పాటే కొనాలి

బ్యాటరీకి వేలు పోసి, పాత గ్యారేజీ చార్జరుకు తగిలిస్తే ఆ డబ్బు వృథా.

లెడ్ యాసిడ్‌కు చార్జరు ఆంపియర్లు బ్యాటరీ ఏహెచ్‌లో పదో వంతు నుంచి ఐదో వంతు మధ్య ఉండాలి. 100 ఏహెచ్‌కు 10 ఆంపియర్లు. వాడిన 45 ఏహెచ్ తిరిగి నిండటానికి నష్టాలు కలిపి అయిదున్నర గంటలు, చివర్లో కరెంటు తగ్గుతూ నిండే దశకు మరో రెండు మూడు గంటలు. మొత్తం ఎనిమిది గంటలు. పొద్దున్న 9కి ఒడ్డుకు చేరి సాయంత్రం 4కి మళ్లీ బయల్దేరే బోటుకు అంత సమయం ఉండదు. రోజూ 85, 90 శాతం దగ్గర తీసేస్తూ పోతే ప్లేట్ల మీద సల్ఫేటు గట్టిపడి కెపాసిటీ నెలనెలా తగ్గిపోతుంది. లిథియానికి ఈ బెడద లేదు. 20 ఆంపియర్ల చార్జరుతో అదే 45 ఏహెచ్ రెండున్నర గంటల్లో నిండుతుంది.

చార్జరు మీద ఈ వోల్టేజీలు సరిచూసుకోండి:

- యాసిడ్ పోసే రకం: 14.4 నుంచి 14.8
- ఏజీఎం: 14.4 నుంచి 14.7
- జెల్: 14.1 నుంచి 14.4
- లిథియం ఐరన్ ఫాస్ఫేట్: 14.2 నుంచి 14.6

బ్యాటరీ మీద వేరే అంకె ఉంటే దాన్నే పాటించండి. "డీసల్ఫేషన్", "ఈక్వలైజ్" మోడ్ ఉన్న చార్జర్లను లిథియానికి వాడొద్దు.

ఇంజిను ఆల్టర్నేటర్ నుంచి లిథియానికి నేరుగా వైరు లాగడం పెద్ద తప్పు. లిథియం ఇచ్చినంతా లాగేసుకుంటుంది, నెమ్మదిగా తిరిగే ఇంజినులో ఆల్టర్నేటర్ కాలిపోతుంది. బీఎంఎస్ హఠాత్తుగా కట్ చేస్తే వోల్టేజీ ఎగిరి డయోడ్లు పోతాయి. మధ్యలో డీసీ-డీసీ చార్జరు (ఆల్టర్నేటర్ నుంచి లాగే కరెంటును అదుపులో ఉంచేది) పెట్టాలి. అవుట్‌బోర్డుకు లైటింగ్ కాయిల్ ఉన్నా అంతే, రెగ్యులేటర్ లేకుండా తగిలించొద్దు.

సోలార్ గురించి చాలామంది అడుగుతారు. 100 వాట్ల ప్యానెల్ మంచి ఎండలో రోజుకు 25 ఏహెచ్ వరకు ఇస్తుంది. చిన్న బోటు మీద వలల మధ్య అది పగలకుండా ఉండదు. ఇంటి మీద పెట్టుకుంటే కరెంటు పోయిన రోజు పనికొస్తుంది.

6. బోటులో బిగించే వరుస

1. చోటు. ముక్కు దగ్గర కెరటాల దెబ్బ ఎక్కువ, అక్కడ వద్దు. మధ్యకు దగ్గరగా, కింద, పెట్రోలు లేదా కిరోసిన్ డబ్బాకు దూరంగా పెట్టండి.
2. అడుగున నీళ్లు నిలిచినా తగలకుండా కొన్ని అంగుళాల ఎత్తులో పలక వేసి, దాని మీద మూత ఉన్న ప్లాస్టిక్ పెట్టె. యాసిడ్ రకమైతే హైడ్రోజన్ బయటకు పోయే సందు ఉండాలి. సముద్రపు నీళ్లు సెల్స్‌లోకి వెళ్తే విషపూరితమైన క్లోరిన్ వాయువు పుడుతుంది.
3. రాట్చెట్ బెల్టుతో బిగించండి. చేత్తో గట్టిగా ఊపితే అంగుళానికి మించి కదలకూడదు. నైలాన్ తాడు తడిస్తే సాగుతుంది.
4. ప్లస్ వైరు మీద, టెర్మినల్‌కు జానెడు దూరంలోపే మెయిన్ ఫ్యూజు. పైన చెప్పిన లోడుకు 30 ఆంపియర్లు. అక్కణ్ణుంచి ఫ్యూజు బాక్సు: వీహెచ్ఎఫ్‌కు 10, లైట్లకు 5, ఫిష్ ఫైండర్‌కు 3. కంపెనీ వేరే అంకె ఇస్తే అదే వేయండి.
5. వైరు. వీహెచ్ఎఫ్, లైట్లు కలిపి 10 ఆంపియర్లు 5 మీటర్ల దూరం వెళ్లాలంటే 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరులో 0.44 వోల్టులు పోతాయి. 6 చదరపు మిల్లీమీటర్లదైతే 0.29 మాత్రమే. రెండోదే వేయండి. తగరం పూత ఉన్న సన్నపోగుల వైరు దొరికితే మంచిది. ఇంటి వైరింగులో వాడే ఒంటిపోగు వైరు కుదుపులకు విరుగుతుంది.
6. లగ్గులు క్రింపింగ్ చేసి, హీట్ ష్రింక్ ట్యూబు తొడగండి. మెలిపెట్టి టేపు చుట్టిన అతుకు ఉప్పుగాలికి ఒక సీజను కూడా ఆగదు.
7. తగిలించేటప్పుడు ప్లస్ ముందు, మైనస్ తర్వాత. తీసేటప్పుడు మైనస్ ముందు. బిగించాక టెర్మినల్స్‌పై పెట్రోలియం జెల్లీ పూయండి.
8. లైట్ల లైనులో లో-వోల్టేజీ కటాఫ్ పెట్టండి, లెడ్ యాసిడ్‌కు 12.0 వోల్టుల దగ్గర. లైట్లు ముందే ఆరిపోతాయి, ఆపదలో ఛానెల్ 16లో పిలవడానికి వీహెచ్ఎఫ్‌కు చార్జి మిగులుతుంది. ఇది ఐచ్ఛికం అనుకోకండి.

రెండు బ్యాటరీలు పక్కపక్కన కలిపితే రెండూ ఒకే కంపెనీ, ఒకే ఏహెచ్, ఒకేసారి కొన్నవై ఉండాలి. లోడు ప్లస్‌ను ఒక బ్యాటరీ నుంచి, మైనస్‌ను రెండోదాని నుంచి తీయండి. రెండూ ఒక్కదాని నుంచే తీస్తే అది త్వరగా అరుగుతుంది. పాతదానికి కొత్తది జతచేస్తే పాతది కొత్తదాన్ని కూడా లాగేస్తుంది.

7. తరచూ వచ్చే ఇబ్బందులు

*వీహెచ్ఎఫ్‌లో మాట్లాడగానే ఫిష్ ఫైండర్ ఆరిపోతోంది.* బ్యాటరీది తప్పు కాకపోవచ్చు. మాట్లాడుతున్నప్పుడు మల్టీమీటరును ముందు టెర్మినల్స్ మీద, తర్వాత పరికరం చివర పెట్టి చూడండి. తేడా అర వోల్టు దాటితే వైరు సన్నం, లేదా లగ్గు తుప్పు.

*ఫిష్ ఫైండర్ తెర మీద గీతలు.* లైట్లు ఆపగానే గీతలు పోతే ఎల్ఈడీ డ్రైవరే (లైటుకు కరెంటు అందించే సర్క్యూట్) కారణం. ఫిష్ ఫైండర్‌కు బ్యాటరీ నుంచి విడిగా లైను లాగండి.

*లిథియం నిండుగా చూపించి హఠాత్తుగా ఆగిపోయింది.* లిథియంలో వోల్టేజీ చాలాసేపు 13.2 దగ్గరే నిలుస్తుంది, చివర్లో ఒక్కసారిగా పడిపోతుంది. వోల్టు మీటరుతో మిగిలింది తెలియదు. షంట్ (వెళ్లే కరెంటును కొలిచే ముక్క) ఉన్న ఏహెచ్ మీటరు గానీ, బీఎంఎస్ యాప్ గానీ చూడాలి.

*ఒక్క సెల్ మాత్రమే ఉడుకుతోంది, మిగతావి మామూలుగా ఉన్నాయి.* హైడ్రోమీటరుతో ఆరు సెల్స్ గ్రావిటీ (యాసిడ్ సాంద్రత) చూడండి. ఒకటి మిగతావాటికంటే 0.050 తక్కువైతే ఆ సెల్ పోయినట్టే. బ్యాటరీ మార్చడమే దారి.

*నీళ్లు త్వరగా తగ్గుతున్నాయి.* చార్జింగ్ వోల్టేజీ ఎక్కువగా ఉంది, లేదా బ్యాటరీ ఎండలో మగ్గుతోంది. నింపేది డిస్టిల్డ్ వాటర్ మాత్రమే. బోరు నీళ్లు, వాన నీళ్లు, ఆర్వో నీళ్లు వద్దు. చార్జి పూర్తయ్యాకే నింపండి, ముందే నింపితే పొంగి కారుతుంది.

*టెర్మినల్ మీద తెల్లటి, పచ్చటి పొడి.* వంట సోడా కలిపిన మంచినీళ్లతో కడిగి, ఆరబెట్టి, జెల్లీ పూయండి. సోడా నీళ్లు సెల్స్‌లోకి పోకుండా మూతలు బిగించి ఉంచాలి.

8. వేట నిషేధం రోజుల్లో

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు బోటు ఒడ్డునే ఉంటుంది. లెడ్ యాసిడ్ బ్యాటరీలు ఎక్కువగా చచ్చేది అప్పుడే, అదీ ఎండాకాలం.

- బోటులోంచి తీసి ఇంట్లో నీడన పెట్టండి. వేడి పది డిగ్రీలు పెరిగితే లెడ్ యాసిడ్ ఆయుష్షు దాదాపు సగానికి పడుతుంది.
- లెడ్ యాసిడ్‌ను నిండుగా చార్జి చేసి ఉంచండి, నెలకొకసారి మళ్లీ నింపండి. 12.4కు దిగిందంటే ఆగకుండా చార్జికి పెట్టండి.
- లిథియాన్ని సగం, అరవై శాతం దగ్గర ఉంచి వైర్లన్నీ విప్పేయండి. నిండుగా పెట్టి వదలకండి.
- వైర్లు, లగ్గులు, ఫ్యూజు బాక్సు విప్పి చూసేందుకు ఇదే తీరిక. పచ్చబడిన వైరు చివర కోసి కొత్త లగ్గు వేయండి.
- జూన్ మొదటి వారంలో హెడ్‌లైటు బల్బు పరీక్షను మళ్లీ చేయండి. ఈసారి లెడ్ యాసిడ్‌ను 12 వోల్టుల దగ్గరే ఆపి, గంటల్ని కొత్తలో అదే 12కు దిగడానికి పట్టిన సమయంతో పోల్చండి. అందుకని కొత్తలో పరీక్షించినప్పుడే ఆ సమయం కూడా రాసిపెట్టుకోవాలి.

9. ఎప్పుడు మార్చాలి, పాతదాన్ని ఏం చేయాలి

కొత్తలో వచ్చిన గంటల్లో 70 శాతానికి దిగితే ఆ సీజనుకే మార్చండి. 80 వద్ద ఉంటే రాత్రి బస లేని వేటకు వాడుకోవచ్చు. పెట్టె ఉబ్బితే, పగిలితే, చార్జింగులో చేయి పెట్టలేనంత వేడెక్కితే గంటలతో పని లేదు, ఆ రోజే తీసేయాలి.

పాత లెడ్ యాసిడ్ బ్యాటరీని దుకాణంలో ఎక్స్ఛేంజికి ఇవ్వండి. సీసానికి బరువును బట్టి ధర కడతారు, కాబట్టి ఇచ్చే ముందు తూకం చూసుకోండి. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం వాడేసిన బ్యాటరీలను వెనక్కి సేకరించే బాధ్యత తయారీదారులదే, లిథియానికి కూడా అంతే. తూకం పెరుగుతుందని నీళ్లు పోయడం, మోయడానికి బరువు తగ్గుతుందని యాసిడ్‌ను ఇసుకలో ఒంపేయడం వద్దు. యాసిడ్ ఉన్నది ఉన్నట్టే, మూతలు బిగించి, నిలువుగా పెట్టి తీసుకెళ్లండి.